ఊళ్లో ఉన్న చిన్నస్వామి కంటే లార్డ్సే దగ్గర: బెంగళూరులో టెస్టులు చూసేవాళ్లు ఇటు రండి

మెయిడెన్ ఓవర్ | 15 జూలై 2025, రాత్రి

నిన్న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్ చేతిలో టెస్టును 22 పరుగుల తేడాతో ఓడిపోయాం. సిరాజ్ అడ్డుకున్న బంతి దొర్లుకుంటూ వెళ్లి స్టంపులను తాకిన తీరు మీద వేరే చోట్ల చర్చలు నడుస్తున్నాయి. ఏడవదలచినవారు అక్కడికి వెళ్లండి. నేను ఎత్తుతున్నది వేరే సంగతి.

ఈ ఊరు వచ్చి చాలా ఏళ్లయింది. ఉండేది మారతహళ్ళిలో, ఉద్యోగం ఔటర్ రింగ్ రోడ్డు మీద. చిన్నస్వామి స్టేడియంలో టెస్టు జరిగితే నేను ఒక్కటి కూడా నిండుగా చూడలేదు. ఎలా చూస్తాను? పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగున్నరకు ముగుస్తుంది. జీతం కోసం నేను అమ్ముకున్న గంటలు సరిగ్గా అవే. కిందటి అక్టోబరులో న్యూజిలాండ్ మీద మనవాళ్లు 46 పరుగులకు కుప్పకూలిన రోజు నేను ఇదే ఊళ్లో ఉన్నాను. ఆ సంగతి మీటింగులో ఎవరో నవ్వుతూ చెబితే తెలిసింది.

ఇప్పుడు లార్డ్స్ సంగతి చూడండి. మధ్యాహ్నం మూడున్నరకు మొదలు. మొదటి సెషన్ ఆఫీసు పాలు, పోనివ్వండి. అయిదున్నరకు వాళ్ల లంచ్. ఆరూ పదికి రెండో సెషన్ మొదలయ్యే వేళకు నేను కంపెనీ బస్సులో కిటికీ పక్కన ఉంటాను. ఎనిమిదీ పదికి టీ. ఇంటికి చేరి, స్నానం చేసి, కంచం ముందు కూర్చునేసరికి మూడో సెషన్. ఆరు ఖండాల్లో ఎక్కడో కూర్చుని ఎవరో నా దినచర్య చూసి వేళలు పెట్టినట్టుంటుంది. నిన్న కాడుబీసనహళ్ళి దగ్గర బస్సు కదలకుండా నిలబడింది, అక్కడ బుమ్రా కూడా కదలకుండా నిలబడ్డాడు. 54 బంతులు ఆడి 5 పరుగులు చేశాడు. బస్సులో డ్రైవరుతో సహా అందరూ విసుక్కుంటున్నారు. నాకు మాత్రం ట్రాఫిక్ ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

ఈ ఊళ్లో జరిగే టెస్టు నాకు అందదు. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల జరిగేది మాత్రం నాకు మిగిలిన వేళల్లోకి వచ్చి కూర్చుంటుంది. మీ సంగతేమిటి? ఎలా చూస్తారు, ఎప్పుడు చూస్తారు, ఇంట్లో ఏమంటారు?

సిల్లీ పాయింట్ | 15 జూలై, రాత్రి

అన్నా, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను పొగిడిన మొదటి మనిషివి నువ్వే. ఈ చర్చను నగరపాలక సంస్థ చూస్తే ఫ్లైఓవర్లు కట్టడం మానేస్తుంది.

నేను మెట్రోలో చూస్తాను. పర్పుల్ లైనులో ఎం.జి. రోడ్డు దాటగానే రైలు చిన్నస్వామి పక్కనుంచి వెళ్లి కబ్బన్ పార్కు దగ్గర భూమిలోకి దిగుతుంది. కిటికీలో ఖాళీ స్టేడియం, చేతిలో నిండిన స్టేడియం. ఆ వెంటనే సొరంగంలో సిగ్నల్ పోతుంది. ఎవరో ఒకరు అవుటయ్యేది అప్పుడే.

పన్నెండో మనిషి | 16 జూలై, ఉదయం

మెయిడెన్ ఓవర్ గారూ, మీ రాత బాగుంది, వాదన బాగాలేదు. మీరు చూస్తున్నది టెస్టు కాదు, టెస్టులో కెమెరా మీకు వదిలిన ముక్క. బౌలరు, బ్యాటరు, కీపరు, అతని పక్కన నిలబడే ఒకటో రెండో స్లిప్పులు. మిగిలిన ఏడుగురు ఏం చేస్తున్నారో మీకు తెలియదు. మైదానంలో కూర్చున్నవాడికి తెలుస్తుంది. కెప్టెన్ మిడ్ వికెట్ ఫీల్డరును రెండడుగులు లోపలికి పిలిస్తే, మూడు బంతుల తరువాత ఏం వేయబోతున్నారో వాసన తగులుతుంది. వికెట్ పడేది ఒక్క క్షణంలో. దానికి ముందు అరగంట పాటు వల ఎలా బిగుస్తుందో చూడటమే టెస్టు చూడటమంటే.

నేను మద్రాసులో చదువుకున్నవాణ్ని. 1999 జనవరి 31న అక్కడి చేపాక్ స్టేడియంలో ఉన్నాను. పాకిస్తాన్ మీద 271 కొట్టాలి. సచిన్ నడుం నొప్పితో 136 చేశాడు. అతను అవుటయ్యేసరికి కావలసింది 17 పరుగులు, చేతిలో మూడు వికెట్లు. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. కాసేపు అంత పెద్ద జనంలో మాట లేదు. తరువాత పాకిస్తాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరుగుతుంటే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు టీవీలో వినిపించే ఉంటాయి. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఏడుస్తూనే చప్పట్లు కొట్టడం ఏ కెమెరాకూ అందలేదు. చేపాక్‌లో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి వీస్తుంది. అది మొహానికి తగిలితే ఇక బౌలర్లకు ప్రాణం లేచివస్తుందని మాకు తెలిసేది. మీ ఫోనులో గాలి వీస్తుందా?

ఇప్పుడు బనశంకరిలో ఉంటున్నాను. సెలవు పెట్టుకుని చిన్నస్వామికి వెళ్తాను. మీరూ పెట్టుకోవచ్చు.

సిల్లీ పాయింట్ | 16 జూలై, ఉదయం

సెలవు! ఆ పదం మా మేనేజరుకు వినిపించకుండా రాయండి.

పెద్దాయన_జయనగర్ | 16 జూలై, మధ్యాహ్నం

పన్నెండో మనిషి గారు చెప్పింది కాదనను. కాని దూరం నుంచి చూడటానికి ముందు, దూరం నుంచి వినటం అని ఒకటి ఉండేది. దాని గురించి ఎవరూ ఎత్తలేదు కనుక నేను రాస్తాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక లేనివారు దాటేయండి.

నెల్లూరు నుంచి ఇక్కడి ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చాను. 1977 డిసెంబరులో బేడీ కెప్టెన్‌గా మన జట్టు ఆస్ట్రేలియాలో ఆడుతోంది. చలికాలం, ఇంకా చీకటి. రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్‌లో వచ్చేది. ముల్లు ఒక వెంట్రుకవాసి జరిగితే చైనా భాషో రష్యా భాషో వినబడేది. అలాన్ మెక్‌గిల్వ్రే అనే వ్యాఖ్యాత గొంతు. తొణకదు, తొందరపడదు. అల ఉన్నట్టుండి సన్నగిల్లి, ఒక ఓవరంతా గుర్రుగుర్రుమనే చప్పుడు మాత్రమే మిగిలేది. తిరిగి గొంతు వినిపించినప్పుడు అతను స్కోరు చెప్పడు, గాలి ఎటు వీస్తోందో చెబుతాడు! వికెట్ పడిందా లేదా అన్నది జనం హోరును బట్టి మేమే పోల్చుకోవాలి. మా గదిలో నలుగురం. ఒకడు ‘పడింది’ అంటాడు, ఇంకొకడు ‘లేదు, ఫోరు’ అంటాడు. టీ పందెం.

ఆ మెల్‌బోర్న్ టెస్టులో మన స్పిన్నరు చంద్రశేఖర్ రెండు ఇన్నింగ్స్‌లోనూ 52 పరుగులకు ఆరేసి వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద మనం గెలిచిన మొదటి టెస్టు అది, 222 పరుగుల తేడాతో. చంద్ర ఈ రాష్ట్రంవాడు, ఈ ఊళ్లో ఆడినవాడు. ఉదయం పాలకేంద్రం దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లు మా మొహాలు చూసి ‘ఎన్ని తీశాడు?’ అని కన్నడంలో అడిగేవారు. రేడియో ఉన్నవాడికి ఆ వారం వీధిలో గౌరవం పెరిగింది. తరువాత అడిలైడ్‌లో 493 లక్ష్యానికి 445 దాకా వెళ్లి ఆగిపోయాం. అది వింటూ డ్యూటీకి ఆలస్యమై, జీతంలో కోత పడింది. ఆ కోత నాకు గిట్టుబాటే.

చాలా ఏళ్ల తరువాత టీవీలో మెల్‌బోర్న్ మైదానం చూశాను. వింత చూసినట్టు అనిపించలేదు. మధ్యాహ్నం ఏ స్టాండు నీడ ఎటు పాకుతుందో, సముద్రపక్షులు ఎక్కడ వాలుతాయో ఆ వ్యాఖ్యాతలు ఎప్పుడో చెప్పి ఉంచారు. ఆట ఆగినప్పుడల్లా వాళ్లు మాకు చోటును వర్ణించేవారు. ఇప్పుడు ఆట ఆగితే సిమెంటు ప్రకటన వస్తుంది.

తెల్లవారుజాము | 16 జూలై, రాత్రి

పెద్దాయన గారూ, ‘ఆ కోత నాకు గిట్టుబాటే’ అన్న వాక్యం మా వారికి చదివి వినిపించాను.

నా కథ వేరు. 2020 ఫిబ్రవరిలో మా బాబు చంటివాడు. రాత్రి మూడింటికో నాలుగింటికో లేచేవాడు, ఇక పడుకునేవాడు కాదు. హొరమావులో మా అపార్టుమెంటులో ఆ వేళ వెలిగే దీపం మాది ఒక్కటే. సరిగ్గా అప్పుడే వెల్లింగ్టన్‌లో టెస్టు మొదలైంది, మనకు తెల్లవారుజామున నాలుగింటికి. బాబును భుజాన వేసుకుని, శబ్దం పూర్తిగా తీసేసి చూసేదాన్ని. బేసిన్ రిజర్వ్ అంటే రోడ్డుకు మధ్యలో ఉన్న మైదానం. చుట్టూ కార్లు తిరుగుతుంటాయి, వెనుక కొండల మీద ఇళ్లు. గాలికి ఫీల్డర్ల చొక్కాలు ఉబ్బుతుంటాయి. మనవాళ్లు పది వికెట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమి నాకు పెద్దగా పట్టలేదు. ప్రపంచంలో ఎక్కడో ఎండలో మనుషులు మేలుకుని పని చేసుకుంటున్నారన్నదే నాకు ఆ వేళ కావలసింది.

పన్నెండో మనిషి గారు గాలి గురించి అడిగారు. నాకు ఆ గాలి కనిపించింది. వినిపించనూ లేదు, తగలనూ లేదు, కనిపించింది.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. కిందటి డిసెంబరు 28, శనివారం. మా అమ్మ విశాఖపట్నం నుంచి వచ్చి ఉంది. ఆవిడకు క్రికెట్ తెలియదు. మెల్‌బోర్న్ టెస్టు మనకు పొద్దున అయిదింటికి మొదలవుతుంది, ఏడింటికి వాళ్ల లంచ్. అంటే నేను ఇడ్లీ పొయ్యి మీద పెట్టేది వాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు. ఆ రోజు ఎనిమిదో స్థానంలో వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి ఆడుతూనే ఉన్నాడు. ‘మన విశాఖ కుర్రాడు’ అన్నాను. ఇక అమ్మ కూర్చుంది. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. తీరా 99 దగ్గరకు వచ్చేసరికి బుమ్రా సున్నాకు అవుట్. చివరివాడు సిరాజ్ వచ్చాడు. ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ ఓవరులో ఇంకా మూడు బంతులున్నాయి. ఎదుర్కోవలసింది సిరాజ్. అటు కొసన విశాఖ అబ్బాయి, ఇటు కొసన హైదరాబాదు అబ్బాయి, మధ్యలో ఆస్ట్రేలియా కెప్టెన్. అమ్మ సిరాజ్‌తో ‘నువ్వు ఏమీ చేయకు నాయనా, ఊరికే నిలబడు’ అంది. నిలబడ్డాడు! తరువాతి ఓవరులో బోలండ్‌ను నేరుగా ఫోరు కొట్టి నితీశ్ వంద పూర్తి చేశాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న ముత్యాల రెడ్డి గారు చేతులు జోడించి ఏడుస్తుంటే మా అమ్మా ఏడ్చింది. ఆ ఆట మనం ఓడిపోయామని ఆవిడకు నేటికీ చెప్పలేదు.

లక్ష్మణరేఖ | 17 జూలై, ఉదయం

చెప్పకండి. అవసరం లేదు.

కొత్తబంతి | 17 జూలై, రాత్రి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బి.టి.ఎం. లేఅవుట్‌లో పీజీలో ఉంటున్నాను. ఇన్నాళ్లూ ఐపీఎల్ మాత్రమే చూశాను. లార్డ్స్ టెస్టు చివరి రోజు గదిలో అందరూ చూస్తుంటే కూర్చున్నాను. ఓడిపోయినా నాకు బాగా నచ్చింది, ఎందుకో చెప్పలేను.

మూడు సందేహాలు. ఒకటి, రెండో రోజు బంతి మార్చమని గొడవ జరిగిందట, ఎందుకు? రెండు, లార్డ్స్‌లో నేల వాలుగా ఉంటుందని వ్యాఖ్యాతలు పదే పదే అంటున్నారు, నిజమేనా? మూడు, ఏమీ జరగనప్పుడు ఏం చూడాలి?

మెయిడెన్ ఓవర్ | 17 జూలై, రాత్రి

రామ్మా రా. ఇంగ్లండ్‌లో వాడేది డ్యూక్స్ బంతి. చేత్తో కుట్టిన కుట్టు పైకి ఉబ్బి ఉంటుంది, అందుకే ఎక్కువసేపు గాలిలో వంగుతుంది, నేల మీద తిరుగుతుంది. ఆస్ట్రేలియాలో వాడే కూకబుర్రాకు కుట్టు త్వరగా అణిగిపోతుంది. ఈ సిరీస్‌లో మాత్రం డ్యూక్స్ కూడా తొందరగా మెత్తబడి ఆకారం చెడుతోంది. అంపైర్ల దగ్గర ఒక కడియం లాంటి కొలత ఉంటుంది. దానిలోంచి బంతి దూరకపోతే మారుస్తారు. మార్చినప్పుడు అంతే పాత బంతిని పెట్టెలోంచి వెతికి ఇవ్వాలి. లార్డ్స్‌లో కొత్త బంతి తీసుకున్న 10.3 ఓవర్లకే మార్చవలసివచ్చింది. అప్పటిదాకా అదే బంతితో బుమ్రా వికెట్లు తీస్తున్నాడు. ఇచ్చిన రెండో బంతి అంత కొత్తగా లేదని మన కెప్టెన్ గిల్‌కు కోపం వచ్చింది. న్యాయమైన కోపమే.

పెద్దాయన_జయనగర్ | 17 జూలై, రాత్రి

వాలు నిజమే. ఒక పక్క నుంచి ఇంకొక పక్కకు దాదాపు రెండున్నర మీటర్ల తేడా. పెవిలియన్ వైపు నుంచి వేస్తే కుడిచేతి బ్యాటరు లోపలికి, దానికి ఎదురుగా ఉన్న నర్సరీ వైపు నుంచి వేస్తే బయటికి బంతి జారుతుంది. రెండువందల ఏళ్లుగా అలాగే ఉంచారు. మనమైతే ఈపాటికి టెండరు పిలిచి చదును చేసి ఉండేవాళ్లం.

పన్నెండో మనిషి | 18 జూలై, ఉదయం

మూడో ప్రశ్న నాది. అమ్మాయ్, ఓవరు ముగియగానే చాలామంది ఫోను పక్కన పెడతారు. నువ్వు అప్పుడే చూడు. కెమెరా వెనక్కి జరిగి ఒక్క క్షణం మైదానమంతా చూపిస్తుంది. స్లిప్పులు ఎన్ని, బ్యాటరుకు దగ్గరగా నిలబడే షార్ట్ లెగ్ వచ్చాడా, డీప్‌లో, అంటే బౌండరీ దగ్గరికి, ఎవరైనా కొత్తగా వెళ్లారా? ఒక కాగితం మీద గుండ్రంగా గీసి చుక్కలు పెట్టుకో. ఒక గంట తరువాత ఏమీ జరగడం లేదని నువ్వే అనవు. ఫోనులో చూసేవాళ్లకు ఇంతకుమించి నేను సాయం చేయలేను.

సిల్లీ పాయింట్ | 18 జూలై, మధ్యాహ్నం

ఆఫీసులో ఉన్నప్పుడు నేను ఫోనులో కూడా చూడను, చదువుతాను. బంతి బంతికీ రాసే వ్యాఖ్యానం. మీటింగులో లాప్‌టాప్ మూలన చిన్న కిటికీ. ఎవరూ పట్టుకోలేరు. ‘డేటా పరిశీలిస్తున్నావా?’ అంటే అవుననే చెబుతాను, అబద్ధం కాదు కదా.

పన్నెండో మనిషి | 18 జూలై, మధ్యాహ్నం

భోజనానికి పిలిస్తే మెనూ చదివి లేచి వచ్చే మనిషివన్నమాట.

లక్ష్మణరేఖ | 18 జూలై, రాత్రి

ఆగండి సార్. చదవడాన్ని చులకన చేయకండి. 1993లో అమెరికాలో సైమన్ కింగ్ అనే పరిశోధకుడు క్రిక్‌ఇన్ఫో అనే క్రికెట్ స్కోర్ల సైటు మొదలుపెట్టిందే టీవీ అందని విద్యార్థుల కోసం. ఊరికి దూరమైనవాళ్లు ఒకరికొకరు స్కోరు టైపు చేసి పంపుకోవడం నుంచి పుట్టింది అది. దూరం లేకపోతే ఆ సైటే లేదు.

2000 జనవరి 4న సిడ్నీలో లక్ష్మణ్ 167 కొట్టినప్పుడు నేను ఇక్కడ ఇంజినీరింగ్ విద్యార్థిని. హాస్టల్లో టీవీ పాడైంది. బ్రౌజింగ్ సెంటరులో గంటకు డబ్బు కట్టి, పేజీని మళ్లీ మళ్లీ తెరుస్తూ చదివాను. జట్టు మొత్తం చేసింది 261, అందులో ఒక్కడివే 167, ఇరవై ఏడు ఫోర్లు. ఒక్కో ఫోరుకు ఒక్కో వాక్యం. పేజీ తెరుచుకునేలోపు ఆ మణికట్టు ఎలా తిరిగి ఉంటుందో నేనే ఊహించుకోవాలి. తరువాత వీడియో చూశాను. అందులో లక్ష్మణ్ నా ఊహకంటే ఇంకా తీరికగా ఆడుతున్నాడు. చదివి ఊహించడంలో కూడా నేను తొందరపడ్డానన్నమాట!

2003 అడిలైడ్ టెస్టు కూడా అంతే. ద్రవిడ్ 233, లక్ష్మణ్ 148, ఆ తరువాత అగార్కర్ 41 పరుగులకు ఆరు వికెట్లు. చివరి రోజు ఆఫీసులో మా వరుసంతా ఒకే పేజీ. ద్రవిడ్ గెలుపు ఫోరు కొట్టినట్టు అక్షరాలు రాగానే కన్నడ, తెలుగు, తమిళ తేడా లేకుండా అందరం లేచి నిలబడ్డాం. ఈ ఊరి మనిషి కొట్టాడు, ఈ ఊళ్లో ఎవరూ ఆ బంతిని చూడలేదు. చదివారు.

పన్నెండో మనిషి | 18 జూలై, రాత్రి

మీరు రాసిన తీరుకు ఒక మెట్టు దిగుతున్నాను. ఒక్కటే.

కొత్తబంతి | 28 జూలై, ఉదయం

నిన్న ఆదివారం మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టు చివరి రోజు మొత్తం చూశాను, కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ! మొదటి ఇన్నింగ్స్‌లో 311 వెనకబడి, రెండో ఇన్నింగ్స్ తొలి ఓవరులో సున్నాకే రెండు వికెట్లు పోయిన జట్టు చివరికి 425కు నాలుగు. రాహుల్ 90, గిల్ 103. తరువాత జడేజా, సుందర్ వికెట్ ఇవ్వనే లేదు. చివర్లో ఇంగ్లండ్ కెప్టెన్ స్టోక్స్ వచ్చి, డ్రాగా ముగించి చేతులు కలుపుదామంటే వీళ్లు ఎందుకు ఒప్పుకోలేదు? మా గదిలో పెద్ద గొడవ. రాత్రి భోజనం కూడా చల్లారిపోయింది.

మెయిడెన్ ఓవర్ | 28 జూలై, మధ్యాహ్నం

ఆఖరి గంట మొదలైనప్పుడు, ఇక ఫలితం రాదని ఇరు జట్లూ అనుకుంటే ఆట ముగించవచ్చు. స్టోక్స్ అడిగేసరికి జడేజా 89, సుందర్ 80. రోజంతా ఎండలో బంతులు వేసింది వాళ్లు, నిలబడి ఆడింది వీళ్లు. వంద చేసుకునే హక్కు సంపాదించుకున్నారు. ఇద్దరూ చేసుకున్నారు. హ్యారీ బ్రూక్ చేత దండగ బంతులు వేయించి స్టోక్స్ అలక చూపించాడు. ఆటగాడిగా నేను స్టోక్స్‌ను ఇష్టపడతాను, ఆ అరగంట మాత్రం నచ్చలేదు.

తెల్లవారుజాము | 28 జూలై, మధ్యాహ్నం

నాకు అన్నిటికంటే నచ్చింది వెలుగు. ఇక్కడ రాత్రి పది దాటింది, మా వీధిలో కుక్కలు కూడా పడుకున్నాయి. అక్కడ సాయంత్రపు ఎండలో ఆటగాళ్ల నీడలు పిచ్ దాటి సాగుతున్నాయి. ఒక రోజుకు రెండు సాయంత్రాలు దొరుకుతాయి మనకు.

మెయిడెన్ ఓవర్ | 3 ఆగస్టు, రాత్రి

లండన్‌లోని ఓవల్ మైదానం. చివరి టెస్టు, నాలుగో రోజు. రాయడానికి చేతులు రావడం లేదు. 374 లక్ష్యం. 19 దగ్గర బ్రూక్ క్యాచ్‌ను సిరాజ్ పట్టాడు, పట్టి వెనక్కి అడుగేసి బౌండరీ తాడు తొక్కాడు, అవుట్ కాస్తా సిక్సరయింది. బౌలరు మన ప్రసిద్ధ్ కృష్ణ, ఈ ఊరి కుర్రాడు, అప్పటికే చేతులెత్తి సంబరం మొదలుపెట్టాడు. బ్రూక్ 111 చేశాడు. రూట్ కూడా వంద. ఆ ఇద్దరూ వెళ్లాక, వెలుతురు చాలక, ఆ పైన వానతో ఆట ఆగింది. ఇంగ్లండ్‌కు ఇంకా 35 పరుగులు, మనకు నాలుగు వికెట్లు. రేపు సోమవారం, మూడున్నరకు. నాకు మూడున్నరకే నెలవారీ సమీక్ష.

సిల్లీ పాయింట్ | 3 ఆగస్టు, రాత్రి

ఆ సమీక్షలో నువ్వు లేచి అరిస్తే పదోన్నతి వచ్చిందనుకుంటారు.

పెద్దాయన_జయనగర్ | 3 ఆగస్టు, రాత్రి

తాడు తొక్కినప్పుడు సిరాజ్ మొహం చూశారా? ఆ పిల్లవాడు ఈ రాత్రి ఎలా పడుకుంటాడో. 2020లో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారని కబురు వస్తే, ఇంటికి రాకుండా జట్టుతో ఉండిపోయినవాడు. నేను రేపటి మీద ఆశ వదులుకోను.

మెయిడెన్ ఓవర్ | 4 ఆగస్టు, మధ్యాహ్నం

నిబంధన: ఒక్కొక్కరికి ప్రసారం ఒక్కో వేగంతో వస్తుంది. టీవీ ముందు, ఫోను అరనిమిషం వెనుక. దయచేసి ఎవరూ వికెట్ పడగానే ఇక్కడ రాయకండి.

సిల్లీ పాయింట్ | 4 ఆగస్టు, మధ్యాహ్నం

మొదటి రెండు బంతులూ ఫోర్లు. ఇక 27. వికెట్ కాదు కనుక రాశాను.

తెల్లవారుజాము | 4 ఆగస్టు, మధ్యాహ్నం

కింది అంతస్తులో అరుపులు వినిపించాయి. నా ఫోనులో సిరాజ్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు. చెవులు మూసుకున్నాను.

లక్ష్మణరేఖ | 4 ఆగస్టు, మధ్యాహ్నం

స్మిత్ వెళ్లాడు. క్షమించండి, ఆగలేను.

పన్నెండో మనిషి | 4 ఆగస్టు, మధ్యాహ్నం

ఓవర్టన్!! ఆఫీసు క్యాంటీనులో ఒక్క పీట కూడా ఖాళీ లేదు. వంటవాళ్లు బయటికి వచ్చేశారు.

సిల్లీ పాయింట్ | 4 ఆగస్టు, మధ్యాహ్నం

ఎవరక్కడ? ఫోనులో చూడటం చూడటమే కాదన్న పెద్దమనిషేనా?

పన్నెండో మనిషి | 4 ఆగస్టు, మధ్యాహ్నం

క్యాంటీనులో ఉన్నది టీవీ. టంగ్‌ను ప్రసిద్ధ్ బౌల్డ్ చేశాడు. ఇంకా 17. వోక్స్ వస్తున్నాడు. భుజం జారిన చెయ్యి స్వెటరు లోపల కట్టి, కుడి చేత్తో బ్యాటు పట్టుకుని వస్తున్నాడు. అందరూ నిలబడ్డారు. ఇక్కడ, క్యాంటీనులో.

మెయిడెన్ ఓవర్ | 4 ఆగస్టు, మధ్యాహ్నం

సమీక్ష నుంచి బయటికి వచ్చేశాను. పది నిమిషాలు అడిగాను. ఎందుకని ఎవరూ అడగలేదు, వాళ్లూ వచ్చారు.

కొత్తబంతి | 4 ఆగస్టు, మధ్యాహ్నం

అట్కిన్సన్ సిక్సరు! ఆకాశ్ దీప్ చేతికి తగిలి బయటపడింది. మా చుక్కల కాగితం చింపేశారు ఎవరో.

సిల్లీ పాయింట్ | 4 ఆగస్టు, సాయంత్రం

సిరాజ్. యార్కర్. ఆఫ్ స్టంప్. ఆరు పరుగులు. తెలంగాణ పోలీసు డి.ఎస్.పి. సిరాజ్ గారూ, మీకు సెల్యూట్.

పెద్దాయన_జయనగర్ | 4 ఆగస్టు, రాత్రి

సిరీస్ 2-2తో సమం. అయిదు టెస్టులూ ఆడిన సిరాజ్ 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు. ఇవాళ పడిన నాలుగింటిలో మూడు అతనివే, అయిదో రోజున, అంత అలసట తరువాత. నేను టీవీ శబ్దం తీసేసి, ఇంటర్నెట్‌లో బీబీసీ రేడియో వ్యాఖ్యానం పెట్టుకున్నాను. బొమ్మ కంటే మాట ముందు వచ్చింది. ఆఖరి వికెట్ నేను మొదట విన్నాను, ఆ తరువాత చూశాను. మా ఆవిడ ‘ఒకే వికెట్‌కు రెండుసార్లు ఎందుకు లేచారు?’ అని అడిగింది.

పన్నెండో మనిషి | 5 ఆగస్టు, ఉదయం

ఒకటి మాత్రం నేను వదలను. వోక్స్ మెట్లు దిగి వస్తున్నప్పుడు మన ఫీల్డర్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో, అట్కిన్సన్‌కు ఒక పరుగు ఇవ్వకుండా ఎలా మూశారో కెమెరా సరిగా చూపించలేదు. వోక్స్ మొహమే చూపించారు. ఓవల్‌లో కూర్చున్నవాళ్లు రెండూ చూసి ఉంటారు.

తెల్లవారుజాము | 5 ఆగస్టు, ఉదయం

వాళ్లకు మీ క్యాంటీను వంటవాళ్లు కనిపించలేదు కదా సార్.

కొత్తబంతి | 5 ఆగస్టు, మధ్యాహ్నం

మళ్లీ టెస్టు ఎప్పుడు? ఎన్ని గంటలకు?

మెయిడెన్ ఓవర్ | 5 ఆగస్టు, మధ్యాహ్నం

అక్టోబరు 2న, అహ్మదాబాదులో, వెస్టిండీస్ మీద. పొద్దున తొమ్మిదిన్నరకు. గాంధీ జయంతి, విజయదశమి ఆ రోజే పడ్డాయి కనుక సెలవు. మరునాడు శుక్రవారం. ఆ రోజు సంగతి మాత్రం నన్ను అడగకు.

పన్నెండో మనిషి | 5 ఆగస్టు, మధ్యాహ్నం

సెలవు పెట్టుకోవచ్చని మొదటి రోజే చెప్పాను.

సిల్లీ పాయింట్ | 5 ఆగస్టు, మధ్యాహ్నం

శుక్రవారానికి నాకు జ్వరం. రెండు నెలల ముందే చెబుతున్నాను, తరువాత ఎవరూ అనుమానించకూడదు.